రాగి రేకుల మీద కాన్చెర్టో

1711లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎస్టియెన్ రోజే అనే ప్రచురణకర్త ఎనిమిది పుస్తకాల కట్ట ఒకటి అమ్మకానికి పెట్టాడు. ఆంతోనియో వివాల్డి రాసిన పన్నెండు కాన్చెర్టోలు, అంటే కొద్దిమంది ప్రధాన వాద్యకారులూ మిగతా సమూహమూ మారిమారి వాయించే రచనలు, అందులో ఉన్నాయి. అది ఆయన మూడో ఓపస్, అంటే అచ్చు వరసలో మూడో గ్రంథం, పేరు 'లెస్త్రో ఆర్మోనికో'. ఎనిమిది పుస్తకాలంటే ఎనిమిది సంపుటాలని కాదు. నాలుగు వయొలిన్లకు నాలుగు, రెండు వయోలాలకు రెండు, చెల్లోకు ఒకటి, హార్ప్సికార్డుకూ దానికి తోడు నిలిచే పెద్ద మంద్ర వాద్యానికీ కలిపి ఒకటి. ఎవరు వాయించాల్సిన స్వరాలు వాళ్ళ పుస్తకంలోనే ఉంటాయి. అన్ని వాద్యాలూ ఒకేసారి ఏం చేస్తున్నాయో చూపించే పుట ఆ కట్టలో ఒక్కటీ లేదు. వివాల్డి వెనిస్ వాడు. సంగీతాన్ని అచ్చు వేసి అమ్మడం ఒక వ్యాపారంగా నిలబడిందే వెనిస్‌లో. 1501లో ఒత్తావియానో పెత్రూచ్చి సీసపు అచ్చులతో తొలి బహుస్వర సంగీత గ్రంథం ముద్రించింది ఆ ఊళ్ళోనే. రెండు వందల ఏళ్ళ తరవాత ఆ ఊరి సంగీతకారుడు సొంత ఊరి అచ్చుకూటాలను కాదని, ఆల్ప్స్ పర్వతాల అవతల, ఉత్తర సముద్రం దగ్గర్లో ఉన్న ఒక దుకాణానికి తన రచనలు ఎందుకు పంపినట్టు?

ఈ ప్రశ్నకు దొరికే జవాబు ఒక్క వివాల్డితో ఆగదు. కాన్చెర్టో అనే ప్రక్రియ యూరప్ అంతటికీ ఉమ్మడి సొత్తు కావడానికి రాజాస్థానాలూ చర్చీలూ వాద్యకారుల దేశాటనా చేసిన దానికంటే ఈ అచ్చు పుస్తకాలు చేసింది ఎక్కువని నా వాదన. ఇంకో మాట కూడా అంటాను. ముక్కూ మొహం తెలియని వాళ్ళు కొని, రచయిత పక్కన లేకుండానే వాయించుకోవాలి కాబట్టి, ఆ అవసరమే సంగీతం స్వరూపాన్ని కొంత మార్చింది. దీనికి సాక్ష్యం వేరే ఎక్కడో వెతకనక్కర్లేదు, ఆ పుస్తకాల పుటల్లోనే ఉంది. అభ్యంతరాలూ ఉన్నాయి. వాటినీ ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు అచ్చు సంగతి. ఆనాటి ఇటలీలో వాడుకలో ఉన్న పద్ధతిలో ఒక్కో స్వరానికి ఒక్కో సీసపు అచ్చు. ఆ స్వరం కింద, పైన ఉండాల్సిన ఐదు గీతల ముక్క కూడా ఆ అచ్చులోనే ఉంటుంది. అచ్చులన్నీ వరసగా పేర్చి ముద్రిస్తే గీతలు కలిసినట్టే ఉంటాయి గానీ, దగ్గరగా చూస్తే అతుకు అతుక్కీ సన్నని ఎడం కనిపిస్తుంది. నెమ్మదిగా సాగే చర్చి గానానికి దీనితో పెద్ద ఇబ్బంది లేదు. వయొలిన్ సంగీతం దగ్గరికి వచ్చేసరికే చిక్కు. వివాల్డి వేగవంతమైన భాగంలో ఒక్క కొలతలో పదహారు చిన్న స్వరాలు పడతాయి. చేత్తో రాసేవాడు నాలుగేసి స్వరాల తోకలను అడ్డగీతతో కలిపేస్తాడు. వాయించేవాడి కన్ను ఆ కొలతను నాలుగు గుంపులుగా పట్టేస్తుంది, కమాను నాలుగు కదలికలుగా ఆలోచిస్తుంది. విడివిడి అచ్చుల్లో తోకలు కలపడం కుదరదు. పదహారు స్వరాలు, పదహారు విడి తోకలు, ఒకదాని పక్కన ఒకటి. ఏ గుంపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో లెక్కపెట్టుకుంటే తప్ప తెలియదు. లండన్‌లో కొందరు తోకలు కలిసే అచ్చులు పోత పోయించుకున్నారు గానీ ఇటలీ అచ్చుకూటాలు చాలావరకు పాత సామగ్రితోనే నెట్టుకొచ్చాయి. వివాల్డి మొదటి రెండు ఓపస్‌లు, 1705లో, 1709లో, వెనిస్‌లో అలాగే వెలువడ్డాయి.

రాగి రేకు మీద చెక్కితే ఈ బాధ లేదు. చెక్కేవాడు అద్దంలో బింబంలా అంతా తిరగేసి చెక్కాలి. ఆ పని కష్టమైందే, కానీ చేతిరాతలో సాధ్యమైనదల్లా రేకు మీదా సాధ్యమే. తోకలు కలుస్తాయి, ఒకే గీతల మీద రెండు మూడు స్వరాలు నిలువుగా పేర్చవచ్చు, కమాను ఎక్కడ మలపాలో చూపే వంపు గీతలు కోరిన చోట పెట్టవచ్చు. రేకుకు సిరా పట్టించి, తుడిచి, తడిపిన కాగితం పరిచి రోలర్ల మధ్య నుంచి పంపితే గాడుల్లోని సిరా కాగితం మీదికి వస్తుంది. రేకు అంచు నొక్కుకున్న గుర్తు కూడా కాగితం మీద మిగులుతుంది. ఆనాటి ప్రతుల్లో ఆ గుర్తు ఇప్పటికీ తడిమితే తగులుతుంది. నా దృష్టిలో దీనికంటే ముఖ్యమైంది డబ్బు లెక్క. సీసపు అచ్చులు పేర్చి ఒక పుస్తకం వేశాక ఆ అచ్చులు విడగొట్టి మరో పనికి వాడాల్సిందే. అందువల్ల ఎన్ని ప్రతులు అమ్ముడవుతాయో ముందే ఊహించి, అన్నీ ఒకేసారి ముద్రించి, గోదాములో దాచుకోవాలి. ఊహ తప్పితే నష్టం. రాగి రేకులు అటక మీద పడి ఉంటాయి. ఇవాళ ఇరవై ప్రతులు తీయవచ్చు, ఏడాది తరవాత లైప్‌జిగ్ నుంచి ఉత్తరం వస్తే మరో పది తీయవచ్చు. కొనేవాళ్ళు తక్కువమంది, అదీ ఊరూరా చెల్లాచెదరుగా ఉండే సరుకుకు ఇంతకంటే అనువైన పద్ధతి ఆ కాలంలో లేదు. వయొలిన్ కాన్చెర్టో సరిగ్గా అలాంటి సరుకు.

రోజే ఈ సంగతి అందరికంటే బాగా గ్రహించాడు. ఆయన ఫ్రాన్స్‌లోని నార్మండీ వాడు, ప్రొటెస్టెంటు. 1685లో పద్నాలుగో లూయీ ప్రొటెస్టెంట్ల హక్కులు రద్దు చేశాక దేశం విడిచి హాలండు చేరిన వేలమందిలో ఆయనొకడు. 1690ల చివర్లో దుకాణం తెరిచి, 1722లో చనిపోయే లోపు ఐదు వందలకు పైగా సంగీత గ్రంథాలు వెలువరించాడు. లండన్, బెర్లిన్, కొలోన్ లాంటి నగరాల్లో ఆయన పుస్తకాలు అమ్మే ఏజెంట్లు ఉండేవారు. ఏ పుస్తకం ఎక్కడి నుంచి అడిగినా తేలిగ్గా గుర్తుపట్టేలా ఒక్కోదానికి ఒక్కో నంబరు వేసిన తొలి ప్రచురణకర్తల్లో ఆయన ఉన్నాడు. వివాల్డి తన మూడో ఓపస్‌కు రాసుకున్న ముందుమాటలో, ఇంతకుముందటి రచనలు సొంత లోపాలతో పాటు అచ్చు లోపాలు కూడా మోశాయని ఒప్పుకుని, ఈసారి రోజే చేతి చెక్కడం దొరకడమే తన రచనలకు పెద్ద భాగ్యమని చెప్పుకున్నాడు. అది మర్యాద కోసం అన్న మాట అని కొట్టిపారేయడానికి లేదు. ఆ గ్రంథం అంకితం పొందింది తొస్కానా యువరాజు ఫెర్దినాందో. యువరాజును పొగిడిన పుస్తకంలోనే, ఒక ప్రచురణకర్తను కూడా పేరు పెట్టి పొగిడిన సంగీతకారుడికి తన భవిష్యత్తు ఎవరి చేతుల్లో ఉందో బాగా తెలుసు.

ఇక్కడ ఎవరైనా అడ్డు తగలవచ్చు. కొరెల్లి సంగతి ఏమిటి? ఆర్కాంజెలో కొరెల్లి 1681లో రోమ్‌లో వేసిన మొదటి ఓపస్ నుంచి 1694 నాటి నాలుగో ఓపస్ దాకా, రెండు వయొలిన్లు, ఒక మంద్ర వాద్యం కలిసి పలికే ఆ సోనాటాలన్నీ పాత సీసపు అచ్చుల్లోనే వచ్చాయి. అయినా యూరప్ అంతా పాకాయి. అలాంటప్పుడు రాగి రేకుకు ఇంత ఘనత ఎందుకు? అభ్యంతరం సబబైనదే. ఆ సోనాటాల్లో ఒక్కో వయొలిన్ సాధారణంగా ఒక్కో స్వరధారనే నడుపుతుంది, అచ్చు పరిమితి అక్కడ అంతగా కనిపించదు. కానీ ఆ కొరెల్లే 1700 జనవరి 1 తేదీతో అయిదో ఓపస్ వెలువరించినప్పుడు అచ్చుల పద్ధతి వదిలేసి రోమ్‌లోనే రేకుల మీద చెక్కించాడు. ఎందుకంటే అవి ఒంటరి వయొలిన్ సోనాటాలు. ఒకే వయొలిన్ రెండు తీగలు ఒకేసారి పలికిస్తూ ఇద్దరు ముగ్గురు వాయిస్తున్న భ్రమ కలిగించాలి. విడి అచ్చులతో ఆ పుట వేయడం జరిగే పని కాదు. కొరెల్లి పద్ధతి మార్చుకోవడమే నా వాదనకు దక్కిన మొదటి బలం. ఆ ఓపస్ లండన్‌లో అదే ఏడాది మళ్ళీ అచ్చయింది, 1800 లోపు నలభై పైచిలుకు ముద్రణలు చూసింది. ఆ శతాబ్దంలో వాద్య సంగీతంలో దానితో పోటీపడగలిగినవి చాలా తక్కువ.

ఆ అయిదో ఓపస్‌కే 1710లో రోజే ఒక వింత ముద్రణ తీశాడు. దాని పుట ఒకటి కాసేపు దగ్గరగా చూడదగ్గది. నెమ్మది భాగాల్లో మామూలుగా రెండు వరసలు ఉండాలి, పైన వయొలిన్, కింద మంద్రం. ఇందులో మూడు ఉన్నాయి. నడిమి వరసలో కొరెల్లి మొదట అచ్చు వేయించిన సాదా స్వరాలు, ఒక కొలతకు నాలుగో ఐదో. వాటి పైన, అదే కాలంలో, సన్నని స్వరాల తీగ ఒకటి ఎక్కుతూ దిగుతూ, ఒక సాదా స్వరం నుంచి మరో సాదా స్వరానికి మధ్య దూరాన్నంతా అల్లుకుపోతుంది. ఈ అలంకారాలు కొరెల్లి స్వయంగా వాయించే తీరు అని ముఖపత్రం చెబుతుంది. రోజర్ నార్త్ అనే ఇంగ్లీషు రచయిత ఆనాడే నమ్మలేదు. సందేహం ఉన్నవాళ్ళు తన దుకాణానికి వచ్చి కొరెల్లి రాతప్రతినీ ఉత్తరాలనూ చూసుకోవచ్చని రోజే తన జాబితాలో ప్రకటించాడు. అలంకారాలు ఎవరివన్న తగాదా కంటే, అలాంటి పుట అచ్చయిందన్నదే నాకు ముఖ్యం. రోమ్‌లో కొరెల్లి వాయించగా విన్నవాడికి మూడో వరస అక్కర్లేదు, సాదా స్వరాలు చాలు, మిగతాది చెవిలో ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోనో లండన్‌లోనో కొనుక్కున్నవాడికి ఆ చెవి లేదు. గురువు నోట రావాల్సింది కాగితం మీద రావలసి వచ్చింది. తెలుగు శ్రోతలకు ఇది కొత్త కాదు. 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు తెలుగులో వెలువరించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో స్వరాల మీద గమకాల గుర్తులు అచ్చు వేయించడానికి ఎంత శ్రమపడ్డారో మనకు తెలుసు. పాశ్చాత్య స్వరలిపి బాగా తెలిసిన చిన్నస్వామి మొదలియారు ఆ కృషికి ప్రేరకుడు కావడం కాకతాళీయం కాదు.

కాన్చెర్టో దగ్గరికి వస్తే కొరెల్లి ఆరో ఓపస్ ఉంది. 1713 జనవరిలో ఆయన పోయాడు. శిష్యుడు మత్తెయో ఫోర్నారి పూనుకోగా 1714లో రోజే దాన్ని వెలువరించాడు. అందులోవి కొత్త రచనలేమీ కావు. గియోర్గ్ ముఫాట్ అనే సంగీతకారుడు 1680ల ఆరంభంలో రోమ్‌లో కొరెల్లి కాన్చెర్టోలు చాలామంది వాద్యకారులతో ఘనంగా మోగడం విన్నానని 1701లోనే రాశాడు. అంటే ముప్ఫై ఏళ్ళపాటు ఆ సంగీతం కార్డినల్ల భవంతుల్లో వినిపించింది, అచ్చులో లేదు. ఇక అచ్చుకు సిద్ధమైనప్పుడు దాని పూర్తి పేరు చూడండి. రెండు వయొలిన్లూ ఒక చెల్లో తప్పనిసరి, మిగతా రెండు వయొలిన్లూ వయోలా మంద్రమూ ఇష్టం ఉంటేనే, కావాలంటే వాటిని రెట్టింపు చేసుకోవచ్చు అని ఆ పేరులోనే ఉంది. రోమ్ కార్డినల్ కొలువుకు ఈ సూచనతో పనిలేదు, అక్కడ ఎంతమంది కూర్చోవాలో కొరెల్లికే తెలుసు. ఇది ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరి సంగీత సంఘంలో వారానికోసారి కలిసే పెద్దమనుషులను ఉద్దేశించి రాసిన పేరు. ముగ్గురే వచ్చినా వాయించుకోవచ్చు, ఇరవైమంది వచ్చినా వాయించుకోవచ్చు. కష్టమైన పని ముగ్గురిదే, మిగతా వాళ్ళ భాగాలు తేలిక. ఇంగ్లండ్‌లో ఈ కాన్చెర్టోలు తరాల తరబడి చావు లేకుండా నిలవడానికి వాటి అందం ఒక కారణమైతే, ఈ పొందిక రెండో కారణం. ఆ పొందిక అచ్చు కోసం చేసిందే.

వివాల్డి కథలో ఇదే సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1725లో రోజే అల్లుడు మిషెల్-షార్ల్ లె సెన్ ఆమ్‌స్టర్‌డామ్‌లో వెలువరించిన ఎనిమిదో ఓపస్‌లో మొదటి నాలుగూ 'నాలుగు ఋతువులు'. బొహీమియా కౌంట్ మోర్ట్సిన్‌కు అంకితమిస్తూ వివాల్డి ఒక మాట చెప్పుకున్నాడు. ఈ కాన్చెర్టోలు తమరు ఎప్పుడో విన్నవే, అయినా ఇప్పుడు సానెట్ పద్యాలూ, వాటిలో చెప్పినవన్నీ ఎక్కడెక్కడ వస్తాయో తేటగా వివరణా చేర్చాను కాబట్టి కొత్తవిగా తోస్తాయి అన్నది దాని సారాంశం. కౌంట్ కొలువు విన్నప్పుడు లేని వివరణ అచ్చుకు ఎందుకు వచ్చింది? 'వసంతం' రెండో భాగం తీసుకోండి. మేకల కాపరి పచ్చికలో నిద్రపోతుంటాడు, ఒంటరి వయొలిన్ ఆ నిద్ర. వయొలిన్ల పుస్తకాల్లో ఆకుల గలగల అని రాసి ఉంటుంది. వయోలా పుస్తకంలో కుక్క మొరుగుతోందని. వయోలా వాయించేవాడి ముందు ఉన్నవి ఆ భాగం పొడుగునా రెండేసి స్వరాలుగా పదేపదే వచ్చే మొరటు దెబ్బలే. ఆ ఒక్క మాట లేకపోతే వాటిని మెత్తగా, నేపథ్యంలో కలిసిపోయేలా వాయిస్తాడు. ఆ మాట ఉంటే, ఎప్పుడూ బిగ్గరగానే, కటువుగానే వాయించాలని అర్థమవుతుంది. పక్కన నిలబడి చెప్పడానికి వివాల్డి లేడు. ఉండడని తెలిసే ఆ మాట చెక్కించాడు.

ఈ పుస్తకాలు చేరిన చేతుల్లో అన్నిటికంటే గొప్పవి వైమార్‌లో ఉన్నాయి. అక్కడి యువరాజు యోహాన్ ఎర్న్‌స్ట్ హాలండులోని ఉట్రెఖ్ట్‌లో చదువుకుని 1713లో తిరిగొచ్చాడు. ఆమ్‌స్టర్‌డామ్ అక్కడికి ఎంతో దూరం కాదు. ఆ తరవాతి నెలల్లోనే ఆస్థాన ఆర్గన్ విద్వాంసుడు యోహాన్ సెబాస్టియన్ బాఖ్ ఇటాలియన్ కాన్చెర్టోలను ఆర్గన్‌కూ హార్ప్సికార్డుకూ మార్చి రాసుకోవడం మొదలుపెట్టాడు. 'లెస్త్రో ఆర్మోనికో'లోని పన్నెండింటిలో ఆరింటిని బాఖ్ కాలక్రమంలో అలా తనవి చేసుకున్నాడు. చివరిది నాలుగు వయొలిన్ల కాన్చెర్టో, నాలుగు హార్ప్సికార్డులకు మారింది. బాఖ్ ఇటలీలో కాలు పెట్టలేదు, వివాల్డిని చూడలేదు. ఎనిమిది పుస్తకాల్లో విడిపోయి ఉన్న సంగీతాన్ని ఒక్క కీబోర్డు మీదికి తేవాలంటే ముందు దాన్ని మనసులోనో కాగితం మీదో ఒక్కటి చేసుకోవాలి. పల్లవి లాంటి సమూహ భాగం తిరిగి తిరిగి రావడం, మధ్యలో ఒంటరి వాద్యం విహరించడం, ఆ రెంటినీ శ్రుతి మార్పులతో కట్టడం, ఈ నిర్మాణమంతా ఆ పనిలో చేతికి తెలిసివస్తుంది. బాఖ్‌కు కాన్చెర్టో నేర్పిన బడి అదే.

రాతప్రతులు లేవా, అవి తిరగలేదా అని మరో అభ్యంతరం. తిరిగాయి. డ్రెస్డెన్ వయొలిన్ విద్వాంసుడు పిజెండెల్ 1716–17లో వెనిస్ వెళ్ళి వివాల్డి దగ్గరే ఉండి, ఆయన రచనలు చేత్తో నకలు చేసుకుని తెచ్చాడు. ఇంకా గట్టి సాక్ష్యం ఒకటుంది, అది చూడబోతే నా వాదనకు ఎదురు నిలిచేదే. 1733లో ఎడ్వర్డ్ హోల్డ్స్‌వర్త్ అనే ఇంగ్లీషువాడు వెనిస్ నుంచి మిత్రుడు చార్లెస్ జెన్నెన్స్‌కు రాసిన ఉత్తరం. వివాల్డి ఇక కాన్చెర్టోలు అచ్చు వేయించడం మానుకున్నాడనీ, అచ్చు వేస్తే రాతప్రతుల అమ్మకం దెబ్బతింటోందంటున్నాడనీ, ఒక్కో రచనకు ఒక ఇంగ్లీషు బంగారు గినీ ఆశిస్తున్నాడనీ ఆ ఉత్తరం చెబుతుంది. వివాల్డే అచ్చును వదులుకున్నాడు కదా అనవచ్చు. కానీ ఆ బేరం ఎలా సాధ్యమైంది? వెనిస్ వచ్చే ప్రతి విదేశీయుడికీ వివాల్డి పేరు ముందే తెలుసు గనక. ఆ పేరు ఇరవై ఏళ్ళ ఆమ్‌స్టర్‌డామ్ పుస్తకాలు సంపాదించిపెట్టింది. రాతప్రతి చేరేది డ్రెస్డెన్ లాంటి సంపన్న ఆస్థానానికి, లేదా గినీ ఇవ్వగలిగిన యాత్రికుడికి. పైగా తరవాత జరిగింది చూడండి. 1741లో వివాల్డి వియన్నాలో పోయాడు, రాతప్రతుల సొంత నిధి కనుమరుగైంది. ఇటలీలోని ఒక క్రైస్తవ విద్యాసంస్థలో 1926లో దానిలో సగం, 1930లో మిగతా సగం ఒక ప్రభువంశీయుల ఇంట్లో బయటపడి తూరిన్ గ్రంథాలయం చేరేవరకూ ప్రపంచానికి తెలిసిన వివాల్డి దాదాపుగా అచ్చులో ఉన్నవాడే. ఐదు వందల దాకా రాసిన కాన్చెర్టోల్లో ఆయన ఓపస్‌లుగా అచ్చయినవి 80 చిల్లర మాత్రమే. ఆ కొద్దీ లేకపోతే పందొమ్మిదో శతాబ్దంలో బాఖ్‌ను పరిశోధించినవాళ్ళకు వివాల్డి ఒక పేరుగానే మిగిలేవాడు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం నమ్మకానికి సంబంధించింది. అచ్చు పుస్తకాలు దొంగ ముద్రణలతో, తప్పులతో నిండి ఉన్నాయి, వాటిని సాక్ష్యంగా ఎలా తీసుకుంటాం? ఉదాహరణలకు కొదవ లేదు. 1730 ప్రాంతంలో హాండెల్ సోనాటాల పుస్తకం ఒకటి ఆమ్‌స్టర్‌డామ్‌లో రోజే కూతురు జాన్ రోజే వేసినట్టు ముఖపత్రంతో వచ్చింది. ఆవిడ 1722లోనే చనిపోయింది. రేకులు చెక్కిన చేతులు చూస్తే అవి లండన్‌లో జాన్ వాల్ష్ దగ్గర పనిచేసేవాళ్ళవి. వాల్షే కొద్దికాలానికి తన పేరుతో అదే పుస్తకం మళ్ళీ వేసి, మునుపటి ముద్రణ కంటే ఇది సరైనదని ప్రకటించుకున్నాడు. రెండిటిలోనూ హాండెల్‌వి కాని సోనాటాలు చేరాయి. లండన్‌లో ఉన్న ప్రతుల మీద ఆ కాలపు చేతిరాత ఒకటి, ఇది హాండెల్‌ది కాదని ఆ పుటల పక్కనే రాసిపెట్టింది. 1737లో పారిస్‌లో వివాల్డి పదమూడో ఓపస్‌గా వచ్చిన పుస్తకం కూడా ఆయనది కాదు, నికొలా షెదెవీల్ అనే ఫ్రెంచివాడు కూర్చింది. హాండెల్ సరిగ్గా ఏ స్వరం రాశాడో తేల్చుకోవాలంటే ఆయన స్వహస్త ప్రతి ముందు ఇలాంటి పుస్తకం నిలవదు, అందులో తగాదా లేదు. నేనడిగే ప్రశ్న వేరు. చనిపోయిన ఒక స్త్రీ పేరు లండన్ వ్యాపారి తన సరుకు మీద ఎందుకు వేసుకున్నాడు? ఆ పేరుకు విలువ ఉంది గనక. ఎవరి పేరు మీద దొంగతనం జరిగిందో చూస్తే ఆ సంగీతానికి కేంద్రం ఎక్కడ ఉందో తెలుస్తుంది. దొంగ ముద్రణ కొన్నవాళ్ళు కూడా అవే స్వరాలు నేర్చుకున్నారు, వాటి మీదే తమ అభిరుచి పెంచుకున్నారు. రచయిత ఉద్దేశం తెలుసుకోవడానికి రాతప్రతి కావాలి. ఆ శతాబ్దం ఏం విన్నదో తెలుసుకోవాలంటే అచ్చు ప్రతి దగ్గరికి రాక తప్పదు.

ఈ పుస్తకాలు వాయించేవాళ్ళకు ఇచ్చిన స్వేచ్ఛ ఇవాళ్టి కచేరీల్లో తరచుగా మరుగున పడుతోంది. అది నాకు కష్టంగా ఉంటుంది. 1730ల ఆరంభంలోనే లండన్‌లో యోహాన్ పెపుష్ కొరెల్లి రచనలను, అన్ని వాద్యాలూ ఒకే పుటలో కనిపించేలా, స్కోరుగా అచ్చు వేయించాడు. అది చదువుకునేవాళ్ళకు ఎంతో మేలు చేసింది, కానీ స్కోరు ఒకసారి కళ్ళబడ్డాక అందులోని వరసలన్నీ తప్పనిసరి అనిపిస్తాయి. విడి పుస్తకాలకు ఆ గుణం లేదు. కొరెల్లి ఆరో ఓపస్‌లో ఎనిమిదోది క్రిస్మస్ రాత్రి కోసం చేసిందని అచ్చులోనే ఉంది, రేడియోలో డిసెంబరులో తరచూ వినబడుతుంది. దాని చివర గొర్రెల కాపరుల పాటలా ఊగే భాగానికి ఇష్టమైతేనే వాయించమన్న సూచన ఉంది. క్రిస్మస్ కాని రోజుల్లో దాన్ని వదిలేసి, ముందున్న వేగవంతమైన భాగంతోనే ముగించుకోవచ్చన్న మాట. ఈసారి అది వినబడినప్పుడు, వాయిస్తున్నది ముగ్గురు నలుగురా లేక పాతికమందా, చివరి భాగం ఉంచారా తీసేశారా అని చెవి పెట్టి గమనించండి. రెండు నిర్ణయాలనూ 1714 నాటి ఆ పుస్తకాలు వాయించేవాళ్ళకే వదిలేశాయి.